ఎలుకల్లో క్యాన్సర్ మందు పరీక్ష: జెనోగ్రాఫ్ట్ స్టడీని సరిగ్గా నడిపే పద్ధతి

బెంగళూరులో బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్ వైపున్న సీఆర్‌ఓల్లో (కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే సంస్థలు), బళ్ళారి రోడ్డు మీది ఇన్‌స్టిట్యూట్లలో తెలుగు పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. తిరుపతిలోనో అనంతపురంలోనో గుంటూరులోనో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, ఎం.ఫార్మసీ చదివి వచ్చినవాళ్లు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, నాలుగు వారాలు డోసింగ్ చేశాం, గ్రాఫ్‌లో తేడా లేదు. మందు పనిచేయలేదా, మోడలే పనిచేయలేదా?"

స్టడీ అయిపోయాక ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు దొరకదు. దొరికే ఏర్పాటు మొదటి ఎలుక రాకముందే చేసుకోవాలి. ఈ గైడ్ ఆ ఏర్పాటు గురించే.

ఉదాహరణగా తీసుకున్నది అందరూ మొదట నేర్చుకునే మోడల్: ఎలుక చర్మం కింద మనిషి క్యాన్సర్ కణాలు పెంచి, నోటి ద్వారా మందు ఇచ్చే జెనోగ్రాఫ్ట్. ఎలుకను పట్టుకోవడం, సూది వేయడం మాత్రం చదివితే వచ్చేవి కావు. వాటిని మీ యానిమల్ హౌస్ వెటర్నేరియన్ ముందు చేసి చూపించి, ట్రైనింగ్ రికార్డులో సంతకం పడ్డాకే సొంతంగా చేయండి.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఈ మందు క్యాన్సర్ మీద పనిచేస్తుందా" అన్నది ప్రశ్న కాదు. "ఫలానా మ్యుటేషన్ ఉన్న కణితి పెరుగుదలను, ఎలుక తట్టుకోగలిగే డోసులో, 21 రోజుల్లో సగానికి పైగా తగ్గిస్తుందా" అన్నది ప్రశ్న.

అది రాశాక దాన్ని మూడు ముక్కలు చేయండి.

- మందు కణితి దాకా చేరిందా?
- చేరి, తాను ఆపాల్సిన ప్రొటీన్‌ను ఆపిందా?
- ఆపితే కణితి తగ్గిందా?

చాలా స్టడీలు మూడోదాన్నే కొలుస్తాయి. అందుకే తేడా రాకపోతే బిక్కమొహం వేయాల్సి వస్తుంది. మొదటి రెండూ కొలిచి ఉంటే దారి కనిపిస్తుంది. మందు చేరలేదంటే ఫార్ములేషన్ చూడాలి. చేరినా టార్గెట్ ఆగలేదంటే డోసు చూడాలి. టార్గెట్ ఆగినా కణితి పెరిగిందంటే, ఆ కణితికి ఆ టార్గెట్ అవసరం లేదన్నమాట. ఈ చివరిది నిజమైన శాస్త్రీయ ఫలితం. దాన్ని ఫెయిల్యూర్ అని ఫైల్లో పడేయకండి.

ఇంకో మాట. ఈ ప్రశ్నకు ప్లేట్‌లోని కణాలు, స్ఫెరాయిడ్లు (కణాల ఉండలు), ఆర్గనాయిడ్లు (ల్యాబ్‌లో పెంచిన చిన్న అవయవ నమూనాలు) జవాబు చెప్పగలిగితే ఎలుక దాకా వెళ్లవద్దు. 2019 నాటి మన కొత్త మందుల నిబంధనలను 2023లో సవరించి, జంతువులు లేని ఇలాంటి పద్ధతులకు కూడా చోటిచ్చారు. ప్లేట్‌లోనే పనిచేయని మందును ఎలుకలో చూద్దామనుకోవడం ఆ జంతువుకు అన్యాయం.

2. మోడల్ ఎంపిక

ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉంది కదా అని సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న ఒకే రకం కణాలు) తీసుకోవడం అన్నిటికంటే ఖరీదైన అలవాటు. మందు ఎలా పనిచేస్తుందో చూసి ఎంచుకోవాలి.

కేరాస్ అనే క్యాన్సర్ జన్యువులోని జీ12సీ మ్యుటేషన్‌ను పట్టుకునే మందు అనుకుందాం. ఆ మ్యుటేషన్ ఉన్న ఎన్‌సీఐ-హెచ్358 లేదా మియా పాకా-2 సెల్ లైన్ తీసుకోవాలి. ఏ549లోనూ కేరాస్ మ్యుటేషన్ ఉంది గానీ అది జీ12ఎస్. హెచ్‌సీటీ116లో ఉన్నది జీ13డీ. ఈ రెండింటిలో మందు పనిచేయకూడదు. కాబట్టి వీటిలో ఒకదాన్ని నెగటివ్ మోడల్‌గా పెట్టుకుంటే మీ ఫలితానికి బలం వస్తుంది. అక్కడ కూడా కణితి తగ్గితే, మందు ఇంకేదో చేస్తోందని అర్థం.

ఎలుక ఎంపిక కూడా ఇంతే ముఖ్యం.

- న్యూడ్ ఎలుక: థైమస్ ఉండదు, టీ కణాలు తయారు కావు. మామూలు జెనోగ్రాఫ్ట్‌కు చాలు. అయితే ఎన్‌కే కణాలు (పరాయి కణాలను నేరుగా చంపే రోగనిరోధక కణాలు) బలంగానే ఉంటాయి, కొన్ని సెల్ లైన్లను పెరగనివ్వవు.
- ఎన్‌ఎస్‌జీ ఎలుక: టీ, బీ, ఎన్‌కే కణాలు మూడూ ఉండవు. మొండి సెల్ లైన్లకు, రోగి కణితి ముక్కలకు ఇదే నయం. ఖరీదెక్కువ, ఇన్ఫెక్షన్ భయం ఇంకా ఎక్కువ.
- సింజెనిక్: ఎలుక కణితిని అదే జాతి ఎలుకలో పెంచడం. బాల్బ్/సీలో సీటీ26, 4టీ1. సీ57బీఎల్/6లో ఎంసీ38, బీ16-ఎఫ్10. ఇమ్యునోథెరపీ పరీక్షకు రోగనిరోధక వ్యవస్థ ఉన్న జంతువే కావాలి.

ఇమ్యునోథెరపీ గురించి ఒక హెచ్చరిక. పెంబ్రోలిజుమాబ్ అనే యాంటీబాడీ మందు మనిషి పీడీ-1కు (టీ కణాలకు బ్రేకు వేసే ప్రొటీన్) అతుక్కుంటుంది, ఎలుక పీడీ-1కు అతుక్కోదు. మామూలు సింజెనిక్ మోడల్‌లో దాన్ని ఇస్తే ఏమీ జరగదు. ఎలుక పీడీ-1ను పట్టుకునే ప్రత్యేక యాంటీబాడీ వాడాలి, లేదా మనిషి జన్యువు పెట్టిన ఎలుకను తెచ్చుకోవాలి. ఎంసీ38 పీడీ-1 మందులకు కాస్త స్పందిస్తుంది, బీ16-ఎఫ్10 దాదాపు స్పందించదు. మొదటిసారి చేసేవాళ్లు బీ16తో మొదలుపెట్టి నిరుత్సాహపడవద్దు.

యాంటీబాడీ మందుల విషయంలో దీనికి రెండో వైపూ ఉంది. రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ తన టార్గెట్ అయిన హెర్2 ప్రొటీన్‌ను మనిషిలో గుర్తిస్తుంది, ఎలుకలో గుర్తించదు. కాబట్టి జెనోగ్రాఫ్ట్‌లో ఎలుక హాయిగా ఉందంటే, టార్గెట్ వల్ల మనిషికి హాని ఉండదని చెప్పలేం.

ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ లైన్ ఎంచుకుంటే ఈస్ట్రోజెన్ ఇవ్వాలి, లేకపోతే కణితి పెరగదు. ఆ ఈస్ట్రోజెన్ వల్లే ఎలుకలకు మూత్రాశయ సమస్యలు వస్తాయి. వాటిని మందు దుష్ఫలితంగా రాసేసే ప్రమాదం ఉంది.

3. అనుమతులు

సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ, అంటే ఐఏఈసీ, అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ఆర్డర్ పెట్టకూడదు. సంస్థకు సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) రిజిస్ట్రేషన్ ఉండాలి. పాత కాగితాల్లో ఇది సీపీసీఎస్‌ఈఏ అని కనిపిస్తుంది. దరఖాస్తు ఫారం-బీ. కమిటీలో సీసీఎస్‌ఈఏ నామినీ కూర్చుంటారు, కాబట్టి మీటింగ్ తేదీ మీ చేతిలో ఉండదు. కమిటీ ప్రశ్నలు అడిగి వెనక్కి పంపే సమయాన్ని కూడా ప్లాన్‌లో కలుపుకోండి.

జన్యుమార్పిడి చేసిన కణాలు, ఉదాహరణకు వెలుగునిచ్చే లూసిఫరేజ్ జన్యువు పెట్టినవి, వాడితే బయోసేఫ్టీ కమిటీ అనుమతి విడిగా కావాలి. రోగి కణితి ముక్క తెచ్చుకుంటే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఈ మూడింటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టండి, ఒకటయ్యాక ఇంకొకటి అనుకుంటే నెలలు పోతాయి.

సొంత యానిమల్ హౌస్ లేని స్టార్టప్‌లు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలో స్టడీ పెట్టించుకుంటాయి. అప్పుడు కూడా ప్రోటోకాల్ వాళ్లనే రాయమని వదిలేయకండి. కింది సెక్షన్లోని నిర్ణయాలు మీరే తీసుకోవాలి.

4. మొదటి డోసుకు ముందే రాయాల్సిన నిర్ణయాలు

నా దృష్టిలో మొత్తం స్టడీలో అతి ముఖ్యమైన కాగితం ఇదే. తేదీ వేసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, తర్వాత ముట్టుకోకూడదు.

- గ్రూపులు ఏవి, ఒక్కోదానిలో ఎన్ని ఎలుకలు
- కణితి ఏ సైజులో ఉన్నప్పుడు గ్రూపులు చేస్తాం
- ఏ కణితులను తీసుకోం (రెండు ముద్దలుగా పెరిగినవి, కండరంలోకి దిగినవి, మరీ పెద్దవి)
- ప్రధాన ఫలితం ఏది, ఏ రోజున, ఏ ఫార్ములాతో
- ఏ స్టాటిస్టికల్ టెస్ట్
- ఎలుకను ఎప్పుడు స్టడీ నుంచి తీసేస్తాం
- పాజిటివ్ కంట్రోల్ ఎంత పనిచేస్తే మోడల్ సరిగ్గా ఉన్నట్టు లెక్క

చివరి పాయింట్‌ను చాలామంది వదిలేస్తారు. మొదట్లో చెప్పిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. అదే మోడల్‌లో పనిచేస్తుందని మీ ల్యాబ్‌లో ఇంతకుముందు చూసిన మందు ఒకటి పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టాలి. అది పనిచేసి మీ మందు పనిచేయకపోతే, తేడా మందులో ఉంది. రెండూ పనిచేయకపోతే స్టడీలో ఉంది.

ఎలుకల సంఖ్య విషయానికి వస్తే, గ్రూపుకు 8 నుంచి 10 మామూలుగా కనిపించే లెక్క. అలవాటుగా వేయకుండా, పాత కంట్రోల్ గ్రూపులో కణితి సైజులు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో చూసి పవర్ లెక్క (తేడా ఉంటే పట్టుకోవడానికి ఎన్ని ఎలుకలు కావాలన్నది) కట్టండి. తక్కువ పెట్టడం దయ అనుకోవద్దు. సరిపోని సంఖ్యతో చేస్తే అన్ని ఎలుకలూ వృథా.

ఇదంతా ఎందుకంటే: ప్రీక్లినికల్ క్యాన్సర్ పేపర్లలోని ప్రయోగాలను తిరిగి చేసి చూసిన పెద్ద ప్రాజెక్టు ఫలితాలు 2021 డిసెంబర్‌లో వచ్చాయి. 193 ప్రయోగాలు చేయాలనుకున్నవాళ్లు 50 మాత్రమే పూర్తి చేయగలిగారు. చేసినవాటిలో ప్రభావం, మధ్యస్థ విలువ ప్రకారం, మొదటి పేపర్లలో చెప్పినదానికంటే 85 శాతం తక్కువగా వచ్చింది. అసలు పేపర్లలో వివరాలు సరిపోక అడుగడుగునా ఆగాల్సి వచ్చింది.

5. కణాల తయారీ

కణితి ఎగుడుదిగుడుగా పెరగడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఎలుక కాదు, ఫ్లాస్క్.

కణాలు నమ్మకమైన చోటు నుంచి తెచ్చుకోండి. పుణె ఎన్‌సీసీఎస్‌లోని సెల్ రిపాజిటరీ మనకు దగ్గర. పక్క ల్యాబ్ ఫ్రెండ్ ఇచ్చిన వయల్‌తో స్టడీ చేయవద్దు. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్‌గా వాడారు, అది మెలనోమా లైన్ అని తర్వాత తేలింది.

రెండు వారాల ముందు పూర్తి కావాల్సినవి:

- ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ రిపోర్ట్ (ఇవి ఫలానా లైన్ కణాలేనని చెప్పే డీఎన్‌ఏ పరీక్ష)
- పీసీఆర్‌తో మైకోప్లాస్మా (కణాల కల్చర్‌కు సోకే బ్యాక్టీరియా) టెస్ట్, నెగటివ్
- ఎలుకలకు సోకే వైరస్‌ల ప్యానెల్ (చాలా యానిమల్ హౌస్‌లు ఇది లేకుండా కణాలను లోపలికి రానివ్వవు)
- పాసేజ్ నంబర్ (కణాలను ఎన్నోసారి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చామన్నది) రాసిన రికార్డు

తర్వాత లెక్క. 32 ఎలుకలు (8 చొప్పున 4 గ్రూపులు) కావాలంటే 40కి పైగా ఎలుకల్లో కణాలు పెట్టాలి, ఎందుకంటే అన్నిటిలో కణితి ఒకేలా రాదు. ఎలుకకు 0.1 మి.లీ.లో 50 లక్షల కణాలు అనుకుంటే, 40 ఎలుకలకు 4 మి.లీ., 20 కోట్ల కణాలు. సిరంజిలో, ట్యూబులో ఉండిపోయేది కలిపి 5.5 మి.లీ. తయారు చేయండి, అంటే 27.5 కోట్లు. ఒక్కో ఫ్లాస్క్ నుంచి ఎన్ని కణాలు వస్తాయో ముందు పాసేజ్‌లోనే లెక్కపెట్టి, దాన్ని బట్టి ఫ్లాస్కులు వేసుకోండి. ఇంప్లాంట్ రోజు ఉదయం కణాలు చాలలేదంటే ఆ టెన్షన్ తట్టుకోలేం.

కణాలు తీసే వరుస:

1. ఫ్లాస్క్ 70–80 శాతం నిండినప్పుడే తీయండి. పూర్తిగా నిండాక తీస్తే కణాలు అలసిపోయి ఉంటాయి.
2. ట్రిప్సిన్ (కణాలను ఫ్లాస్క్ నుంచి విడదీసే ఎంజైమ్) ఎక్కువసేపు ఉంచవద్దు. కణాలు విడిపోగానే సీరం ఉన్న మీడియంతో ఆపండి.
3. సీరం లేని మీడియంతో లేదా పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి.
4. 40 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. గడ్డలు ఉంటే ఒక ఎలుకకు ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ వెళ్తాయి.
5. చనిపోయిన కణాలకు మాత్రమే అంటే రంగు, ట్రైపాన్ బ్లూతో లెక్కపెట్టండి. బతికున్న కణాలు 90 శాతం కంటే తక్కువైతే ఆ రోజు ఇంప్లాంట్ ఆపేయండి.
6. ఐస్ మీద పెట్టండి.

మ్యాట్రిజెల్ (కణాలు నిలదొక్కుకోవడానికి కలిపే జెల్) వాడుతుంటే ముందు రాత్రే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, ఐస్ బాక్సులో పెట్టి కరగనివ్వాలి. పిపెట్ టిప్పులు, ట్యూబులు, సిరంజిలు కూడా చల్లగా ఉండాలి. 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది. సగం సగం కలుపుతారు కాబట్టి కణాల ద్రావణాన్ని ముందు రెట్టింపు గాఢతలో చేసుకోవాలి: పై లెక్కలో మి.లీ.కి 10 కోట్లు. ఈ రెట్టింపు మర్చిపోతే ఎలుకకు వెళ్లేది సగమే.

6. ఇంప్లాంట్ రోజు

ఎలుకలు 6–8 వారాల వయసువి, వచ్చాక కనీసం వారం అలవాటు పడినవి అయ్యుండాలి. హైదరాబాద్ వైపు బ్రీడర్ల నుంచి రాత్రంతా రోడ్డు మీద వచ్చిన ఎలుకలను మర్నాడే ముట్టుకోవద్దు. వెంట్రుకలు లేని న్యూడ్ ఎలుకకు చలి త్వరగా తగులుతుంది. గూడు కట్టుకునే మెటీరియల్ కేజ్‌లో వేయండి.

కణాలు తీసిన దగ్గర్నుంచి చివరి ఎలుక దాకా గంటలోపు ముగిసేలా చూడండి. కల్చర్ ల్యాబ్ ఒకచోట, యానిమల్ హౌస్ ఇంకోచోట ఉంటే ఇది పెద్ద సమస్య. ఐస్ బాక్సుతో సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బతికున్న కణాల శాతం పడిపోతుంది. ఫ్లాస్కులనే ముందు రోజు అక్కడికి చేర్చి, అక్కడే ట్రిప్సిన్ చేయడం మేలు. వీలుకాకపోతే తెల్లవారుజామునే బయల్దేరండి.

25 నుంచి 27 గేజ్ సూదితో, కుడి పక్కటెముకల కింది భాగంలో, చర్మం కింద. సరిగ్గా పడితే చిన్న బుడిపె కనిపిస్తుంది. సూదిని కాసేపు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి, లేదంటే ద్రవం వెనక్కి కారుతుంది. ప్రతి నాలుగైదు ఎలుకలకు ఒకసారి ట్యూబును మెల్లగా తిప్పి కలపండి, కణాలు అడుక్కి చేరతాయి.

అంతా అయ్యాక మిగిలిన కణాలను మళ్లీ లెక్కపెట్టండి. చివరి ఎలుకకు వెళ్లిన కణాలు ఎలా ఉన్నాయో తెలిసేది దాన్నుంచే. ఈ పనికి పది నిమిషాలు చాలు, కానీ చేసేవాళ్లు చాలా తక్కువ.

7. గ్రూపులు చేయడం

కణితుల సగటు 100 నుంచి 150 ఘన మి.మీ. మధ్యకు వచ్చినప్పుడు గ్రూపులు చేస్తారు. మరీ చిన్నగా ఉన్నప్పుడు మొదలుపెడితే, కొన్ని కణితులు వాటంతటవే తగ్గిపోవచ్చు, ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది.

చేతికి దొరికిన ఎలుకను దొరికినట్టు గ్రూపులో వేయడం రాండమైజేషన్ కాదు. ముందుగా దొరికే ఎలుక నెమ్మదైనది, ఒక్కోసారి నలతగా ఉన్నది. వరుస ఇలా ఉండాలి:

1. అన్ని కణితులనూ ఒకే రోజు, ఒకే వ్యక్తి కొలవాలి.
2. ముందే రాసుకున్న నియమం ప్రకారం పనికిరాని కణితులను పక్కన పెట్టాలి.
3. మిగిలినవాటిని సైజు ప్రకారం చిన్న నుంచి పెద్దకు పేర్చాలి.
4. నాలుగు గ్రూపులైతే నాలుగేసి చొప్పున కట్టలుగా విడగొట్టాలి.
5. ప్రతి కట్టలోని నాలుగింటినీ కంప్యూటర్ ఇచ్చిన రాండమ్ నంబర్లతో నాలుగు గ్రూపులకు పంచాలి.
6. గ్రూపుల సగటు కణితి సైజు, సగటు బరువు దగ్గరగా ఉన్నాయో చూసి, పట్టికను ప్రింట్ తీసి పెట్టాలి.

కేజ్‌ల విషయం కూడా చూడండి. కంట్రోల్ గ్రూపంతా పై ర్యాక్‌లో, మందు గ్రూపంతా కింది ర్యాక్‌లో ఉంటే వెలుతురు, శబ్దం, గాలి తేడాలు కూడా ఫలితంలో కలుస్తాయి. స్థానాలు కలగలిపి పెట్టండి.

కొలిచే వ్యక్తికి ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకూడదు. కేజ్ కార్డు మీద మందు పేరు బదులు ఎ, బి, సి, డి అని రాయండి. కోడ్ షీట్ ఫార్ములేషన్ చేసే వ్యక్తి దగ్గర మాత్రమే ఉండాలి. మనుషులు తక్కువున్న చిన్న టీముల్లో ఇది కష్టమని తెలుసు. డోసింగ్‌కు సాధ్యం కాకపోయినా కొలతలకు మాత్రం ఈ పద్ధతి తప్పనిసరిగా పెట్టండి. అతి మెత్తటి కణితి మీద కాలిపర్ ఎంత నొక్కాలన్నది చేతి నిర్ణయం, ఆ చేతికి గ్రూపు తెలిస్తే ఎంత నిజాయితీపరుడైనా తెలియకుండానే అటు మొగ్గుతాడు.

8. మందు తయారీ, డోసింగ్

స్టడీకి ముందు కణితి లేని కొన్ని ఎలుకల్లో తట్టుకోగల డోసు చూసుకోండి. అదే మందు, అదే వెహికల్ (మందును కలిపి ఇచ్చే ద్రవం), అదే రోజుల లెక్క.

నోటి ద్వారా మామూలుగా కిలోకు 10 మి.లీ. 22 గ్రాముల ఎలుకకు 0.22 మి.లీ. అన్నమాట. కిలోకు 30 మి.గ్రా. డోసంటే ద్రావణం మి.లీ.కి 3 మి.గ్రా. ఉండాలి. డోసు మారినా ఇచ్చే పరిమాణం మార్చవద్దు, గాఢత మార్చండి. అప్పుడే అన్ని గ్రూపులకూ వెహికల్ సమానంగా వెళ్తుంది.

0.5 శాతం మిథైల్ సెల్యులోజ్‌లో కొద్దిగా ట్వీన్ 80 కలిపిన సస్పెన్షన్ అయితే ప్రతి ఎలుకకూ ముందు కలపాలి. కింద పేరుకుంటే మొదటి ఎలుకకు నీళ్లు, చివరి ఎలుకకు మందు. ద్రావణం ఎన్ని రోజులు నిలవ ఉంటుందో అనలిటికల్ టీమ్‌తో పరీక్ష చేయించకుండా వారానికి సరిపడా చేసి పెట్టవద్దు.

గావేజ్ (నోటి ద్వారా సూదితో కడుపులోకి మందు ఇవ్వడం) అయిన కొన్ని నిమిషాల్లో ఎలుక చనిపోతే, మందు విషమని రాసే ముందు కోసి ఊపిరితిత్తులు చూడండి. ద్రవం అక్కడ ఉంటే అది సూది తప్పు.

ఇక డోసు ఎంత ఎక్కువిస్తే అంత మంచిదన్న ఆలోచన ఒకటుంది. ఎలుక డోసును శరీర ఉపరితలం లెక్కన మనిషి డోసుగా మార్చాలంటే 12.3తో భాగిస్తారు. కిలోకు 30 మి.గ్రా. అంటే మనిషికి సుమారు 2.4. కానీ అది మొదటి అంచనా మాత్రమే. రక్తంలో మందు ఎంతసేపు, ఎంత మోతాదులో ఉందన్నదే అసలు పోలిక. మనిషి రక్తంలో ఎప్పటికీ చేరలేని స్థాయిలో కణితి కరిగిందని చూపిస్తే, రోగికి దానివల్ల ఏమీ ఒరగదు.

9. కొలతలు

వారానికి రెండు మూడు సార్లు కణితి, బరువు కొలవాలి. ఫార్ములా: పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2. పెద్ద కొలత పొడవు, దానికి అడ్డంగా ఉన్నది వెడల్పు.

10 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు ఉంటే 320 ఘన మి.మీ. అదే వెడల్పును 7 అని చదివితే 245, 9 అని చదివితే 405. ఒక్క మి.మీ. తేడాకే ఇంత మార్పు. పొడవు, వెడల్పు తారుమారుగా రాస్తే 400. అందుకే:

- మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకే వ్యక్తి, ఒకే డిజిటల్ కాలిపర్
- ప్రతి సెషన్‌కు ముందు జీరో చూసుకోవడం
- ఒకే సమయంలో, డోసుకు ముందు
- సెషన్‌లో కొన్ని ఎలుకలను పాత రీడింగ్ చూడకుండా రెండోసారి కొలవడం
- ఎక్సెల్‌లో వెడల్పు పొడవు కంటే ఎక్కువైతే ఎర్రగా చూపించే రూల్

సెలవు వల్ల కొలిచే వ్యక్తిని మార్చడం తప్పనిసరైతే, ముందు వారమే ఇద్దరూ ఒకే ఎలుకలను కొలిచి తేడా చూసుకోండి. సంక్రాంతికి ఊరెళ్లే ప్లాన్ ఉన్నప్పుడు స్టడీ తేదీలు దానికి తగ్గట్టు వేసుకోవడం ఇంకా మంచిది.

బరువులో ఒక మోసం దాగి ఉంటుంది. 2000 ఘన మి.మీ. కణితి సుమారు 2 గ్రాములు. 22 గ్రాముల ఎలుక ఇప్పటికీ 22 గ్రాములే ఉందంటే, నిజానికి దాని ఒళ్లు 20 గ్రాములకు పడిపోయింది. కణితి బరువు తీసేసి కూడా ఒక గ్రాఫ్ వేయండి.

10. ఎప్పుడు ఆపాలి

ఇక్కడ బేరాలు ఉండకూడదు. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన హద్దులే చివరి మాట. సాధారణంగా ఉండేవి:

- బరువు 15 శాతం తగ్గితే డోసు ఆపి గమనించడం, 20 శాతం తగ్గితే స్టడీ నుంచి తీసేయడం
- కణితి ఆమోదిత పరిమితి చేరడం (చాలాచోట్ల 1500 లేదా 2000 ఘన మి.మీ.)
- కణితి పగిలి పుండు పడి తడిగా మారడం
- నడవలేకపోవడం, తినకపోవడం, ఒంటరిగా ముడుచుకుని ఉండటం

"ఇంకో రెండు రోజులు ఉంచితే డేటా పాయింట్ వస్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది మీ మేనేజర్ అయినా సరే. బాధలో ఉన్న ఎలుక నుంచి వచ్చే డేటా కూడా చెడిపోయిందే. వెటర్నేరియన్ ఫోన్ నంబర్ రూమ్ తలుపు మీద ఉండాలి, ఆదివారం కూడా ఎవరు చూస్తారో రోస్టర్‌లో పేరు ఉండాలి.

11. చివరి రోజు శాంపిల్స్

మొదటి సెక్షన్లోని మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఇక్కడే వస్తుంది. చివరి డోసు తర్వాత ఎన్ని గంటలకు తీస్తున్నామన్నది నిమిషాలతో సహా రాయాలి. గ్రూపులో సగం 2 గంటలకు, సగం 24 గంటలకు తీస్తే మందు ఎంతసేపు ఉంటుందో కొంత తెలుస్తుంది.

రక్తం ఈడీటీఏ ట్యూబులో, వెంటనే ప్లాస్మా వేరు చేయాలి. కణితిని తూచి, ఫోటో తీసి, మూడు ముక్కలు: ఒకటి మందు కొలవడానికి, ఒకటి ప్రొటీన్ కోసం, ఒకటి ఫార్మలిన్‌లోకి. ప్రొటీన్ ముక్క తీసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో పడాలి. ఫాస్ఫో ప్రొటీన్లు (ఫాస్ఫేట్ అతికిన ప్రొటీన్లు) నిమిషాల్లో మారిపోతాయి, ఇరవై నిమిషాలు బల్ల మీద ఉన్న ముక్క మీద చేసిన వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్‌ను గుర్తించే పరీక్ష) ఏదీ నిరూపించదు.

12. లెక్కలు

మొదటి రోజు రెండు గ్రూపుల సగటు 130. చివరి రోజు కంట్రోల్ 1330, మందు గ్రూపు 490. కంట్రోల్ 1200 పెరిగింది, మందు గ్రూపు 360 పెరిగింది. 360ని 1200తో భాగిస్తే 30 శాతం, అంటే పెరుగుదల నిరోధం 70 శాతం. మొదటి రోజు సైజును తీసేయకుండా 490ని 1330తో భాగిస్తే 37 శాతం, అంటే నిరోధం 63 శాతమే వస్తుంది. రెండు లెక్కలూ వాడుకలో ఉన్నాయి. ఏది వాడారో రాయకపోతే ఇంకో స్టడీతో పోల్చలేరు.

అన్నిటికంటే పెద్ద తప్పు గ్రాఫ్ చివర్లో జరుగుతుంది. కంట్రోల్‌లో పెద్ద కణితులున్న ఎలుకలు ముందుగా స్టడీ నుంచి వెళ్లిపోతాయి. మిగిలినవి చిన్నవి కాబట్టి కంట్రోల్ సగటు ఒక్కసారిగా కిందికి దిగుతుంది, కణితి తగ్గినట్టు కనిపిస్తుంది. మందు గ్రూపులోనూ ఇలాగే జరిగి, మందు పనిచేసినట్టు కనిపించవచ్చు. సగటు గీతను మొదటి ఎలుక వెళ్లిన రోజున ఆపేయండి. ఆ తర్వాత కణితి పరిమితికి చేరడానికి పట్టిన రోజులతో కప్లాన్-మేయర్ గీత (ఏ రోజుకు ఎన్ని ఎలుకలు మిగిలాయో చూపేది) వేయండి. ఒక్కో ఎలుకకు ఒక్కో గీత ఉన్న గ్రాఫ్ కూడా తప్పకుండా పెట్టండి, సగటు దాచేది అందులో కనిపిస్తుంది.

రోజుకో టీ-టెస్ట్ చేసి, తేడా వచ్చిన రోజును చూపించడం తప్పు. ముందే రాసిన రోజు, ముందే రాసిన టెస్ట్. కంట్రోల్‌తో చాలా గ్రూపులు పోలుస్తుంటే డన్నెట్ సవరణ (ఎక్కువ పోలికల వల్ల వచ్చే తప్పుడు తేడాలను అదుపు చేసేది) వాడండి.

13. తరచుగా వచ్చే సమస్యలు

కంట్రోల్ కణితులే పెరగలేదు. మైకోప్లాస్మా, పాసేజ్ నంబర్, ఇంప్లాంట్ తర్వాత లెక్కపెట్టిన కణాల శాతం, ఈ వరుసలో చూడండి. మూడూ బాగుంటే ఎలుక జాతి మార్చి చిన్న పైలట్ చేయండి.

ఒకే గ్రూపులో కొన్ని 200, కొన్ని 900. గడ్డలున్న కణాలు, లేదా సూది లోతు తేడా. ఇంప్లాంట్ వరుస నంబర్‌తో కణితి సైజును పోల్చి చూడండి. చివరివి చిన్నగా ఉంటే ఆలస్యం కారణం.

వెహికల్ గ్రూపులోనూ బరువు తగ్గింది. వెహికల్ పడటం లేదు, లేదా గావేజ్ ఒత్తిడి, లేదా ఆ కణితే ఎలుకను కృశింపజేస్తోంది. మందు, వెహికల్ ఏదీ ఇవ్వని నాలుగైదు ఎలుకల చిన్న గ్రూపు పెట్టి ఉంటే ఇది తేలిగ్గా తేలుతుంది.

పాజిటివ్ కంట్రోల్ పనిచేయలేదు. ఆ స్టడీలో మీ మందు గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, మంచి ఫలితం వచ్చినా సరే.

పనిచేసింది, కానీ డోసింగ్ ఆపగానే మళ్లీ పెరిగింది. ఇది సమస్య కాదు, సమాచారం. తదుపరి స్టడీలో ఆపిన తర్వాత గమనించే కాలాన్ని ప్రోటోకాల్‌లోనే పెట్టండి.

రిపోర్ట్ రాసేటప్పుడు జంతు ప్రయోగాల రిపోర్టింగ్ కోసం 2020లో వచ్చిన అరైవ్ 2.0 మార్గదర్శకాల్లోని పది అత్యవసర అంశాల పట్టికను పక్కన పెట్టుకోండి. ఎలుకల జాతి, లింగం, వయసు, కేజ్‌కు ఎన్ని, తీసేసిన ఎలుకలు ఎన్ని, ఎందుకు తీసేశారు, రాండమైజేషన్ ఎలా చేశారు, ఎవరికి కోడ్ తెలుసు: అన్నీ రాయండి. తేడా రాని స్టడీకి కూడా అంతే పూర్తి రిపోర్ట్ రాసి, ముడి డేటాతో కలిపి భద్రపరచండి. రెండేళ్ల తర్వాత అదే మందును ఇంకో టీమ్ తీసుకున్నప్పుడు మొదట వెతికేది ఆ ఫైలునే.